గీత మధ్యలో పల్లం

ఎండలు ముదిరి, సెమిస్టర్ పరీక్షలు అయిపోయి, కాలేజీకి వెళ్ళక్కర్లేని రోజుల్లో నేను ఆ ప్లగిన్ పని ముందేసుకున్నాను.

మాది నిడదవోలు. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నలభై దాటాక పీహెచ్‌డీలో చేరాను. నా పరిశోధన డి.ఎన్.ఎ.తో కట్టే అతి చిన్న వస్తువుల మీద. తల్లిదండ్రుల పోలికలను పిల్లలకు మోసుకొచ్చే ఆ పోగునే తీసుకుని, కావలసిన చోట మడిచి, చిన్న చిన్న ముక్కలతో కుట్టి పెట్టెలు, గొట్టాలు తయారుచేస్తారు. మామూలు కంటికి ఆనవు. నిజంగా తయారుచేసే ముందు కంప్యూటర్లో గీసుకుని, నీళ్ళలో వదిలితే అది ఎలా కదులుతుందో లెక్కకట్టి చూసుకుంటాం. నేను గీసింది ఒక కర్రలాంటిది. తిన్నగా ఉండాలి, వంగకూడదు. దాని పని అంతే.

ఆ కదలికలను చూపించే సాఫ్ట్‌వేర్‌కి గ్రాఫులు గీసే ప్లగిన్ ఒకటి విడిగా తగిలించుకోవాలి. అది తనంతట తాను ఏమీ చెయ్యదు. కర్రలో ఏ చివర నుంచి ఏ చివరకు దూరం కొలవాలి, ఏ మూల దగ్గర వంపు చూడాలి, ఏ గీత ఏ రంగులో రావాలి, ఇవన్నీ ఒక ఫైల్లో రాసి ఇవ్వాలి. ఒక్క కామా తప్పినా తెర తెల్లగా ఉండిపోతుంది. మా గైడ్ మేడమ్ వేరే రాష్ట్రంలో ఒక యూనివర్సిటీలో ఉంటారు. కర్ర వంగడం లేదని గ్రాఫు వేసి చూపిస్తే, అసలు ముక్కలు తయారు చెయ్యడానికి పంపిద్దాం అన్నారు.

నాలుగైదు రోజులు తంటాలు పడ్డాక గ్రాఫు వచ్చింది. కర్ర పొడవు ఎర్రటి గీతలా వణుకుతూ కుడివైపుకి సాగింది. దాన్ని పోల్చి చూసుకోవడానికి, ఉండాల్సిన పొడవు దగ్గర ఒక నీలం అడ్డగీత పెట్టాను. అది లెక్కతో పుట్టిన గీత కాదు. ఒకే అంకె ఇస్తే ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా గీసుకుంటుంది. అలాంటి గీత మధ్యలో కిందికి జారింది. తడి చీర ఆరేస్తే దండెం జారినట్టు.

ముందు నవ్వొచ్చింది. గీతలను నున్నగా చేసే అమరిక ఏదో తప్పు పెట్టి ఉంటాననుకున్నాను. అది తీసేశాను. పల్లం అలాగే ఉంది. ప్లగిన్ పాతదేమోనని తీసేసి మళ్ళీ పెట్టాను. అయినా ఉంది. విచిత్రం ఏమిటంటే, ఒకసారి ఉండేది, ఒకసారి ఉండేది కాదు. లేచి వెళ్ళి కాఫీ కలుపుకుని వచ్చి చూస్తే గీత చక్కగా ఉండేది. హమ్మయ్య అనుకుని, కుర్చీలో సర్దుకుని, ఎడమచేతిని నుదుటికి ఆనించుకుని ఫైలు చదవబోతే మళ్ళీ పల్లం కనిపించేది.

చివరికి మేడమ్‌కి ఫోన్ చేసి, నా తెర ఆవిడకు కనిపించేలా పెట్టాను.

"ఎక్కడమ్మా వంపు?" అన్నారావిడ. ఆవిడదీ మా జిల్లాయే. మాట ఇంకా ఇక్కడిదే.

"మధ్యలో చూడండి మేడమ్. నీలం గీత కిందికి దిగిపోయింది."

"ఎర్రదా?"

"కాదండి, నీలం. అడ్డగీత."

ఆవిడ దగ్గరికి జరిగి చూస్తున్నారనుకుంటాను. "తిన్నగానే ఉందమ్మా. స్కేలు పెట్టి గీసినట్టుంది. నీ లాప్‌టాప్ తెర ఏమైనా పాడైందేమో చూసుకో."

ఫోన్ పెట్టేశాక గ్రాఫున్న కిటికీని పట్టుకుని తెర మీద పక్కకు లాగాను. తెర పాడైతే ఆ చోటే పాడవ్వాలి. పల్లం ఆ చోట ఆగలేదు. గీత ఎడమ కొసని చూస్తే ఎడమ కొస జారింది. కుడి కొసని చూస్తే కుడి కొస జారింది. నేను ఎక్కడ చూస్తే అక్కడికి వచ్చింది.

తల ఎత్తి అసలు కిటికీ వైపు చూశాను. చెయ్యి ఇంకా నుదుటి మీదే ఉంది, వేళ్ళు ఎడమకన్ను మీదికి వచ్చి ఉన్నాయి. కిటికీ ఊచలు లోపలికి నొక్కుకుపోయి కనిపించాయి. చెయ్యి తీశాను. ఊచలు నిలబడ్డాయి. ఎడమకన్ను మళ్ళీ మూశాను. వంగాయి. కుడికన్ను మూశాను. తిన్నగా ఉన్నాయి.

ఫ్యాను తిరుగుతున్న చప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినబడింది.

మా నాన్నకు షుగరు వల్ల చూపు పోయింది. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవారు. చూపు తగ్గుతోందని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆదివారం మా లూథరన్ చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుని అందరితోపాటు పాడేవారు. ఒకరోజు పక్కన నిలబడ్డ నేను చూస్తే, ఆయన చేతిలో ఉన్న పేజీ వేరు, పాడుతున్న పాట వేరు. అన్నీ నోటికి వచ్చు కాబట్టి ఎంతకాలంగా అలా నెట్టుకొస్తున్నారో తెలియలేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేసరికి చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. చివరి రోజుల్లో నా ముఖం మీద చెయ్యి పెట్టి "చిక్కిపోయావే" అనేవారు. నాకు అప్పటికి షుగరు లేదు, పరీక్షలు చేయించుకుంటూనే ఉన్నాను. అయినా ఆ మధ్యాహ్నం నాకు షుగరు, పరీక్షలు ఏవీ గుర్తుకు రాలేదు. ఆయన చెయ్యే గుర్తుకొచ్చింది.

మా ఆయన హైస్కూల్లో తెలుగు టీచరు. ఆ రోజుల్లో పదో తరగతి పేపర్లు దిద్దడానికి రోజూ రాజమండ్రి వెళ్ళొస్తున్నారు. సాయంత్రం ఇంటికి వచ్చి, "ఏంటి, అలా ఉన్నావు?" అన్నారు.

"ఆ ప్లగిన్ విసిగించేస్తోందండి," అన్నాను.

అబద్ధం కాదు. కానీ అసలు మాట చెప్పలేకపోయాను. చెబితే అది నిజమైపోతుందని భయం. రెండు రోజులు అలాగే గడిపాను. కూర తరుగుతూ ఎడమకన్ను మూసి గట్టు అంచు చూసేదాన్ని. గోడ మీద కేలండరు గళ్ళు చూసేదాన్ని. గళ్ళు మధ్యలో ముడుచుకుపోయేవి, వాటి మీద పల్చటి మసక మచ్చ ఒకటి ఉండేది. మూడో రోజు పొద్దున ఆ మచ్చ కొంచెం పెద్దదైనట్టు అనిపించింది. ఆయన బయలుదేరి వెళ్ళాక, తర్వాతి రైలుకి నేనూ రాజమండ్రి బయలుదేరాను.

పెట్టెలో నా ఎదురుగా అన్నవరం వెళ్తున్న కుటుంబం కూర్చుంది. కొత్తగా పెళ్ళయిన జంట, వాళ్ళ పెద్దవాళ్ళు. సత్యనారాయణ వ్రతానికట. పట్టుచీరల గరగరతో, మల్లెపూల వాసనతో పెట్టె అంతా సందడిగా ఉంది. కొవ్వూరు దాటి రైలు వంతెన మీదకు ఎక్కింది. పక్కన, వాడకం మానేసిన పాత వంతెన గోదావరికి అడ్డంగా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచి చూస్తున్న వంతెన. ఎడమకన్ను మూశాను. వంతెన నడుము దగ్గర నీళ్ళలోకి కుంగింది. కళ్ళు మార్చాను. లేచి నిలబడింది. మళ్ళీ మార్చాను. కుంగింది.

"కంట్లో ఏమైనా పడిందా అమ్మా?" అంది ఎదురుగా ఉన్న పెద్దావిడ. "రా, ఇటు తిరుగు, కొంగుతో ఊదుతాను."

"ఏం పడలేదండి."

"మరి ఏడుస్తున్నావేంటమ్మా?"

ఏడుస్తున్నట్టు నాకు తెలియలేదు. "కంటి ఆస్పత్రికి వెళ్తున్నానండి, భయంగా ఉంది," అనేశాను. ఇంట్లో మనిషితో అనలేని మాట ఎవరో తెలియనావిడతో సునాయాసంగా వచ్చేసింది. ఆవిడ రైలు స్టేషన్లో ఆగేదాకా నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. నేను దిగేటప్పుడు, "ఒక్కదానివే ఎందుకు వచ్చావమ్మా, ఇంట్లో వాళ్ళకి చెప్పు," అంది.

ఆస్పత్రిలో కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టారు. పాప విప్పారాలట. కాసేపటికి చేతిలో ఫోను మీద అక్షరాలు కూడా అలుక్కుపోయాయి. చుక్కల వల్లే అని తెలుసు. అయినా, పూర్తిగా పోతే ఇలాగే ఉంటుందన్నమాట అనుకున్నాను. నా పక్కన కూర్చున్నవాళ్ళు రంగు ముద్దల్లా కదులుతున్నారు. పిలిచిన పేరు నాదేనా అని ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను.

డాక్టరు నాకంటే చిన్నవాడు. కంటి లోపలి పొరను ఫొటో తీయించి తెర మీద చూపించాడు. నల్లటి నేల మీద తెల్లటి పొరలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి. మసకగానైనా ముఖం దగ్గరగా పెట్టి చూశాను.

"ఇది మీ ఎడమకన్నండి. మధ్యలో చిన్న గుంట ఉంది చూశారా? అది అందరికీ ఉంటుంది, ఉండాలి. ఇది కుడికన్ను. ఆ గుంట ఉండాల్సిన చోటు పైకి లేచింది. పొర కింద నీరు చేరిందండి. అందుకే గీతలు వంగి కనబడుతున్నాయి."

"చూపు పోతుందాండి?"

"ఆయాసానికి గానీ, దురదలకి గానీ మందులేమైనా వాడుతున్నారా?" అన్నాడు.

మా ఇంటి వెనక రైసు మిల్లు ఉంది. ఊక దుమ్ముకి నాకు ఏటా ఆయాసం వస్తుంది. ఆ ఏడాది మందుల షాపులో ఇచ్చిన చిన్న తెల్లమాత్రలు వేసుకుంటే చిటికెలో తగ్గింది. దాంతో అవే తెప్పించుకుని వేసుకుంటున్నాను. సంచిలోంచి అట్ట తీసి ఇచ్చాను. చూసి, తల ఊపాడు.

"ఇది స్టెరాయిడ్ అండి. దీనివల్ల ఇలా నీరు చేరే అవకాశం ఉంది. అలాగని ఇవాళే మానేయకండి, ఒక్కసారిగా మానేస్తే వేరే ప్రమాదం. ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్ళి మెల్లగా తగ్గించుకోండి. నీరు చాలామందికి కొన్ని నెలల్లో దానంతట అదే ఇంకిపోతుంది. కొందరికి ఇంకదు. అప్పుడేం చెయ్యాలో అప్పుడు చూద్దాం." చీటీ రాసిస్తూ, "మీతో ఎవరూ రాలేదా?" అన్నాడు.

బయట బల్ల మీద కూర్చుని మా ఆయనకు ఫోన్ చేశాను. అంకెలు కనిపించక పక్కనున్న నర్సమ్మ చేత నొక్కించాను. పేపర్లు దిద్దే చోట ఫోన్లు దగ్గర ఉండనివ్వరు, ఎత్తరనుకున్నాను. భోజనాల వేళ కావడంతో ఎత్తారు. ఎక్కడున్నానో చెప్పగానే "అక్కడే ఉండు" అని పెట్టేశారు. వచ్చి, చుక్కల వల్ల నాకు మెట్లు కనిపించడం లేదని చెయ్యి పట్టుకుని దింపారు. ఆటోలో అంతా చెప్పాక అన్నారు.

"మూడు రోజుల నుంచి తెలుసా నీకు?"

"ఊఁ."

"మీ నాన్నగారి లాగే చేశావు."

అంత కోపంగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు. కోపం కాదేమో, నా చెయ్యి మాత్రం వదల్లేదు.

ఆ తర్వాతి వారాలు నా జీవితంలో అతి పొడుగైనవి. మాత్ర తగ్గించే కొద్దీ ఆయాసం తిరగబెట్టింది. ఛాతీ డాక్టరు పీల్చే మందు ఇచ్చారు గానీ, అందులోనూ కొంచెం అదే మందు ఉంటుందని చెప్పారు. మిల్లు ఆడే పొద్దుల్లో తలుపులన్నీ బిగించుకుని కూర్చునేదాన్ని. పీలిస్తే కన్ను ఏమవుతుందో అని భయం, పీల్చకపోతే ఊపిరి ఏమవుతుందో అని భయం. కంటి డాక్టరు గళ్ళ కాగితం ఇచ్చి, దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, రోజూ పొద్దున ఒక కన్ను మూసి మధ్యచుక్కని చూడమన్నాడు. నేను పళ్ళు తోముకోకముందే అక్కడికి వెళ్ళి నిలబడేదాన్ని. ఒకరోజు తగ్గినట్టుండేది, ఒకరోజు పెరిగినట్టుండేది. నిజంగా తగ్గిందో, తగ్గాలన్న కోరికతో తగ్గినట్టు కనిపించిందో తెలిసేది కాదు.

మేడమ్‌కి విషయం చెబితే, "ముందు కన్ను చూసుకోమ్మా. కర్ర ఎక్కడికీ పోదు," అన్నారు. కానీ ఊరికే కూర్చుంటే భయం ఇంకా ఎక్కువైంది. రెండు కళ్ళతో కాసేపు తెర చూస్తే తలనొప్పి. ఎడమకన్నుతోనే చూస్తే అది కూడా అలిసిపోయి పాడవుతుందేమోనని ఇంకో బెంగ. అలా కాదులే అని మా ఆయన పేపర్లు దిద్దడం అయిపోయాక లాప్‌టాప్ ముందు తనే కూర్చున్నారు. నేను పక్కన కుర్చీలో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని.

"పైనుంచి చదవండి."

"ముందు ఫ్లవర్ బ్రాకెట్ ఉంది. తర్వాత కొటేషన్లలో ఏదో మాట. తర్వాత రెండు చుక్కలు. ఇది విసర్గా?"

"విసర్గ కాదండి, కోలన్. ముందుకి వెళ్ళండి."

"మళ్ళీ ఫ్లవర్ బ్రాకెట్. ఇన్ని పువ్వులెందుకే దీనికి?"

నవ్వాను. ఆ రోజుల్లో నవ్వడం నాకే కొత్తగా వినిపించింది.

అలా ఆయన చదువుతూ, నేను చెబుతూ, వంపు కొలిచే రెండో గ్రాఫు కూడా అమర్చాం. కర్రను నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగం ఎంత వంగుతోందో విడివిడిగా నాలుగు రంగుల్లో. గ్రాఫు వచ్చింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"మూడు గీతలు ఒకే ఎత్తులో పోతున్నాయి. ఆకుపచ్చది కొంతదూరం పోయి పైకి లేచింది."

నా కంటి జబ్బు ఆయనకీ అంటుకుందా అన్న పిచ్చి ఆలోచన వచ్చింది. "సరిగ్గా చూడండి. ఒక కన్ను మూసి చూడండి. తర్వాత అది తెరిచి రెండోది మూసి చూడండి."

ఆయన నేను చెప్పినట్టే చేశారు. "రెండిటితోనూ లేచే ఉంది. అది ఉన్న వంపే. నీది కాదు."

అది ఆఖరి భాగం. మేడమ్‌కి పంపిస్తే ఆవిడా చూసి, అవునన్నారు. ఆ చివర పోగులను కుట్టే రెండు ముక్కలు ఒకే చోట ముగుస్తున్నాయి. అందుకని కర్ర అక్కడ తలుపు బందులా మడత పడుతోంది. ముక్కల కొసలు అటూ ఇటూ జరిపి మళ్ళీ లెక్కకట్టించాం. ఆకుపచ్చ గీత దిగి మిగతావాటితో కలిసిందని మా ఆయనే చదివి చెప్పారు. మామూలు రోజుల్లో అయితే గంతులేసేదాన్ని. అప్పుడు మాత్రం ఆ గీతని నేను నా కళ్ళతో నమ్మలేకపోతున్నానే అన్నదే మనసులో మెదిలింది.

రెండోసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు నీరు తగ్గలేదన్నాడు డాక్టరు. పెరగనూ లేదు. "ఇంకొన్ని వారాలు చూద్దామండి," అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో, వంతెన మీద నేను కళ్ళు మూసుకునే ఉన్నాను. ఆ ఆదివారం చర్చిలో పాట మొదలవగానే పుస్తకం తెరవలేకపోయాను. మా ఆయన తన పుస్తకం నా వైపు జరిపారు. నేను తల అడ్డంగా ఊపి, పాడకుండా నిలబడ్డాను. నోటికి వచ్చిన పాటే. అలా నోటికి పాడాలంటేనే ఆ రోజు నాకు భయమేసింది.

కాలేజీ తెరిచాక, వానలు పడ్డాక, ఒకరోజు పొద్దున ఫ్రిజ్ మీది గళ్ళు మధ్యలో పెద్దగా ముడుచుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. మర్నాడూ అలాగే ఉంటే అప్పుడు చెప్పాను. డాక్టరు మళ్ళీ ఫొటో తీయించి, పాత ఫొటో పక్కన పెట్టాడు. ఉబ్బు దిగిపోయింది. మధ్య గుంట తిరిగి వచ్చింది, కాకపోతే రెండో కంటిలో ఉన్నంత నున్నగా లేదు.

"దాదాపు ఇంకిపోయిందండి. అక్షరాలు కొంచెం పాలిపోయినట్టు కనబడొచ్చు, అలవాటైపోతుంది. మళ్ళీ రావచ్చు కూడా. ఆ మాత్రలు మాత్రం ఎవరు ఇచ్చినా వేసుకోకండి."

"మళ్ళీ రావచ్చు" అన్న ముక్క తప్ప మిగతాదంతా మా ఆయన విన్నారు. ఆ ఒక్క ముక్కే నేను విన్నాను.

కర్ర ముక్కలు తయారీకి వెళ్ళాయి. కొన్నాళ్ళకు మేడమ్ మైక్రోస్కోపు ఫొటో పంపించారు. బూడిదరంగు నేల మీద అగ్గిపుల్లలు చల్లినట్టు, చిన్న చిన్న తిన్నని గీతలు. ఒక కన్నుతో చూశాను, రెండో కన్నుతో చూశాను, తర్వాత మా ఆయనకి చూపించాను. ఇప్పటికీ అంతే. ఏ గ్రాఫు వచ్చినా ఎవరో ఒకరికి చూపించందే పంపను.

ఆ ఫొటో వచ్చిన మర్నాడు పొద్దున నేను లేచి వంటింట్లోకి వెళ్ళేసరికి మా ఆయన ఫ్రిజ్ ముందు నిలబడి ఉన్నారు. ఎడమచెయ్యి ఎడమకన్ను మీద ఉంది. నన్ను చూసి గబుక్కున చెయ్యి దించేశారు.

"ఏంటండీ అది?"

"ఏం లేదు. నువ్వు చూసుకోవడం మొదలెట్టిన దగ్గర నుంచి నేనూ చూసుకుంటున్నాను. నువ్వు లేవకముందు."

"ఎందుకు?"

"ఇద్దరికీ వస్తే ఇంట్లో చదివేవాళ్ళెవరు?"

నవ్వబోయాను. కానీ ఆయన ముఖంలో నవ్వు లేదు. "గళ్ళు ఎలా ఉన్నాయండీ?" అన్నాను.

"బాగానే ఉన్నాయి," అన్నారు. మళ్ళీ ఒకసారి కాగితం వైపు చూసి, "బాగానే ఉన్నాయనుకుంటున్నాను," అన్నారు.

స్టవ్ మీద పాలు పెట్టి, ఫోన్ తీసుకుని, ఆస్పత్రికి చేశాను. ఈసారి ఆయన పేరు చెప్పి, సోమవారానికి రాయించాను.